కీ ఇచ్చి తీసిన సినిమా

1920ల మొదలుకొని 1960ల నడిమి వరకు అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇంటి వేడుకలను, విహారయాత్రలను, పసిపిల్లల తొలి అడుగులను చిత్రించిన చలనచిత్ర కెమెరాల్లో ఎక్కువ భాగం విద్యుత్తుతో గానీ బ్యాటరీతో గానీ నడవలేదు. గుండ్రని లోహపు డబ్బీలో చుట్టలుగా బిగించిన ఉక్కు పట్టీ, అంటే గోడగడియారాన్నీ గ్రామఫోనునూ నడిపిన స్ప్రింగే, వాటినీ నడిపింది. కెమెరా పక్కనున్న కీని తిప్పి స్ప్రింగును బిగించి మీట నొక్కితే లోపల ఫిల్ము కదిలేది. అర నిమిషానికో, అంతకు కొంచెం అటూఇటూగానో మళ్ళీ కీ ఇవ్వవలసి వచ్చేది. ఈ కెమెరాల గురించి రాసినవారు వాటి లెన్సుల నాణ్యతను, తర్వాత వచ్చిన రంగుల ఫిల్మును ఎంతగానో కొనియాడారు గాని, వాటిలో అసలైన పనితనం బయటికి కనబడని ఒక చిన్న భాగంలో ఉంది. స్ప్రింగుకు బలం చేకూర్చడం ఏ గడియారాల పనివాడికైనా తెలిసిన విద్యే. ఆ బలాన్ని మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకే వేగంగా మార్చడంలోనే తయారీదారుల నేర్పు తేలింది.

అంతకు ముందు వృత్తి కెమెరామెన్ చేతితో పిడి తిప్పుతూ చిత్రాలు తీసేవారు. పిడి ఒక్కసారి తిరిగితే ఎనిమిది ఫ్రేములు, అంటే ఎనిమిది నిశ్చలచిత్రాలు, ఫిల్ము మీద పడేవి. క్షణానికి రెండు చుట్ల చొప్పున తిప్పితే పదహారు ఫ్రేముల వేగం వచ్చేది, మూకీ చిత్రాలకు వాడుకలో ఉన్న వేగం సుమారుగా అదే. మనసులో తాళం వేసుకుంటూ సమవేగంతో పిడి తిప్పడానికి ఏళ్ళ సాధన కావలసి వచ్చేది. పైగా ఒక చెయ్యి ఎప్పుడూ ఆ పనికే కట్టుబడి ఉండడం వల్ల కెమెరాను ముక్కాలి పీట మీద నిలపక తప్పేది కాదు. ఈ బంధనాన్ని తెంచడానికి తొలి ప్రయత్నాలు స్ప్రింగు కంటే ముందే జరిగాయి. పోలండు దేశస్థుడైన కాజిమియెజ్ ప్రుషిన్స్కి 1910 ప్రాంతంలో ఏరోస్కోప్ అనే కెమెరాను రూపొందించి, పంపుతో నింపిన గాలి ఒత్తిడితో దాన్ని నడిపించాడు. ప్రతిభావంతుడైన ఆ ఇంజనీరు రెండో ప్రపంచయుద్ధం చివరి నెలల్లో, 1945లో, మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో మరణించాడు. ఫ్రాన్సులో డెబ్రీ సంస్థ 1920ల తొలి సంవత్సరాల్లో అరచేతిలో ఇమిడే సెట్ అనే స్ప్రింగు కెమెరాను తెచ్చింది గాని, అందులో పట్టే 35 మిల్లీమీటర్ల ఫిల్ము అయిదు మీటర్లే. జర్మనీలో ఇమాన్యుయేల్ గోల్డ్‌బెర్గ్ రూపొందించిన కినమో కూడా 35 మిల్లీమీటర్లదే. డచ్ దర్శకుడు యోరిస్ ఇవెన్స్ 1928లో వంతెన మీద తీసిన లఘుచిత్రానికి వాడింది ఆ కెమెరానే. గోల్డ్‌బెర్గ్‌ను 1933లో నాజీలు బలవంతంగా పట్టుకుపోవడంతో ఆయన జర్మనీలోని తన పదవినీ ప్రయోగశాలనూ వదులుకోవలసి వచ్చింది.

స్ప్రింగు ఒక్కటి ఉన్నంత మాత్రాన సామాన్యుడికి సినిమా కెమెరా అందుబాటులోకి రాలేదు, ఎందుకంటే ఫిల్ముకున్న చిక్కులు అంతకంటే పెద్దవి. సినిమాహాళ్ళలో వాడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారయ్యేది. అది క్షణంలో అంటుకొని నీళ్ళు పోసినా ఆరని పదార్థం కాబట్టి ఇంటి గదిలో ప్రొజెక్టరు పెట్టడం ప్రమాదకరం. అందుకే అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థ 1923లో 16 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్మును, సులభంగా మండని ఎసిటేట్ పొర మీద, విడుదల చేసింది. 35 మిల్లీమీటర్ల నైట్రేట్ ఫిల్మును నిలువుగా రెండుగా చీల్చి ఎవరూ ఇందులో ఎక్కించకుండా ఉండడానికి ఆ వెడల్పు కూడా అక్కరకొచ్చింది, సగం చేస్తే పదిహేడున్నర వస్తుంది గాని పదహారు రాదు కదా. ఖర్చు తగ్గించడానికి జాన్ కాప్‌స్టాఫ్ అనే కోడాక్ శాస్త్రజ్ఞుడు రివర్సల్ పద్ధతిని సిద్ధం చేశాడు. కెమెరాలో తిరిగిన ఫిల్మునే రసాయనాలతో కడిగి, వెలుగునీడలు తారుమారుగా ఉన్న నెగెటివు బొమ్మను అదే పట్టీ మీద సహజమైన బొమ్మగా మార్చి, ప్రొజెక్టరులో పెట్టుకోవడానికి తిరిగి పంపే విధానమది. వేరే ప్రింటు అవసరం లేకపోవడంతో ఫిల్ము ఖర్చు బాగా తగ్గింది. ఫ్రాన్సులో పాతే సంస్థ అంతకు కొద్ది నెలల ముందే, 1922 డిసెంబరులో, 9.5 మిల్లీమీటర్ల ఫిల్ముతో పాతే బేబీ ప్రొజెక్టరును విడుదల చేసి, మరుసటి ఏడాది దానికి తోడుగా చేతిపిడి కెమెరాను తెచ్చింది.

విచిత్రమేమంటే కోడాక్ తన కొత్త ఫిల్ముతోపాటు అమ్మిన తొలి సినీ కోడాక్ కెమెరాను చేతిపిడితోనే తయారు చేసింది. కెమెరా, ప్రొజెక్టరు, ముక్కాలి పీట, తెర కలిపి ధర 335 డాలర్లు. ఆ ఏడాది అమెరికాలో ఫోర్డ్ మోడల్ టి కారులో చవకరకం అంతకంటే తక్కువకే దొరికేది. చేతిపిడిని వదిలించిన ఘనత షికాగోలోని బెల్ అండ్ హోవెల్ సంస్థకు దక్కింది. ప్రొజెక్టరు నడిపే పనిలో అనుభవమున్న డోనాల్డ్ బెల్, యంత్రనిర్మాణంలో దిట్ట అయిన ఆల్బర్ట్ హోవెల్ కలిసి 1907లో స్థాపించిన ఆ సంస్థ అప్పటికే హాలీవుడ్ స్టూడియోలకు లోహపు కెమెరాలు అందిస్తూ, పళ్ళచక్రాలను వెంట్రుకవాసి తేడా లేకుండా మలచడంలో పేరు తెచ్చుకుంది. పదిహేడున్నర మిల్లీమీటర్ల ఫిల్ముకోసం సిద్ధం చేసుకున్న నమూనాను కోడాక్ ప్రమాణం రాగానే పదహారుకు మార్చి, 1923లోనే ఫిల్మో 70 పేరుతో విడుదల చేసింది. ఔత్సాహికులకోసం వచ్చిన తొలి 16 మిల్లీమీటర్ల స్ప్రింగు కెమెరా అదే. ఫిల్ము చుట్టలు రెండింటి గుండ్రనాన్నీ అనుసరిస్తూ పోతపోసిన ఆ దేహం మారుపేర్లతో, చిన్నచిన్న మార్పులతో దశాబ్దాలపాటు తయారవుతూనే వచ్చింది. దాన్నే పెద్దదిగా చేసి 35 మిల్లీమీటర్లకు మార్చిన ఐమో రెండో ప్రపంచయుద్ధంలో సైనిక కెమెరామెన్ చేతిలో ఉంది. 1950లలో అమెరికన్ టెలివిజన్ విలేఖరులు ధ్వని అవసరం లేని వార్తలకు ఫిల్మోనే మోసుకెళ్ళేవారు. అంటే ఔత్సాహికుల వస్తువుగా పుట్టిన యంత్రం వృత్తిపరుల చేతిలోకి వెళ్ళింది. వాణిజ్య ప్రకటనల్లో ఔత్సాహికుల కెమెరా అన్న మాట దాని ధర ఎవరికి తగినదో చెప్పిందే గాని, దాని పనితనపు స్థాయిని చెప్పలేదు. కోడాక్ 1925లో మోడల్ బి పేరుతో పెట్టెలా ఉండే తన స్ప్రింగు కెమెరాను తెచ్చి పోటీలో నిలిచింది.

ఇక లోపలి యంత్రాంగం. స్ప్రింగు డబ్బీ నెమ్మదిగా తిరుగుతుంది. దాని పళ్ళు మరొక చక్రాన్ని, అది ఇంకొక చిన్న చక్రాన్ని తిప్పుతూ, అంచెలంచెలుగా వేగం పెరిగి చివరకు షట్టరు ఇరుసు క్షణానికి పదహారు సార్లో ఇరవైనాలుగు సార్లో తిరుగుతుంది. షట్టరు అంటే లెన్సు వెనుక తిరిగే, ఒక ముక్క కోసేసిన పళ్ళెం. కోసిన భాగం ఎదురుగా వచ్చినప్పుడు వెలుతురు ఫిల్ము మీద పడుతుంది, మిగతా భాగం అడ్డొచ్చినప్పుడు చీకటి. ఆ చీకటి కాలంలోనే చిన్న ఉక్కు కొక్కెం ఒకటి ఫిల్ము అంచునున్న రంధ్రంలో దిగి, దాన్ని సరిగ్గా ఒక ఫ్రేము ఎత్తు కిందికి లాగి, బయటికొచ్చి పైకి వెళ్తుంది. వెలుతురు పడేటప్పుడు ఫిల్ము కదలకూడదు. క్షణానికి ఇరవైనాలుగు సార్లు లాగడం, ఆపడం, మళ్ళీ లాగడం. స్ప్రింగు మీద భారం ఇలా నిలకడ లేకుండా ఉంటుంది. స్ప్రింగుకు ఇంకొక స్వభావ దోషం కూడా ఉంది: పూర్తిగా బిగించినప్పుడు దాని తోపు ఎక్కువ, విప్పుకునే కొద్దీ తక్కువ. దాన్ని దాని మానాన వదిలేస్తే షాటు మొదట్లో ఫిల్ము పరుగెత్తి, చివర్లో ఈడుస్తుంది.

ఈ పరుగును అదుపు చేసేది గవర్నరు, అంటే వేగాన్ని పట్టి ఉంచే పరికరం. చక్రాల వరుసలో అన్నిటికంటే వేగంగా తిరిగే సన్నని ఇరుసు మీద రెండు మూడు చిన్న బరువులు బిగించి ఉంటాయి. ఇరుసు వేగం పెరిగితే ఆ బరువులు బయటివైపుకు విచ్చుకొని ఒక పళ్ళేన్ని జరిపి, దాన్ని తోలు వంటి మెత్తని ముక్కకు ఒరిపిస్తాయి, ఆ రాపిడికి వేగం తగ్గుతుంది. తగ్గగానే బరువులు ముడుచుకొని ఒరిపిడి సడలుతుంది. దౌడు తీసే కోడెకు ముకుతాడు వేసినట్టు, స్ప్రింగులో అవసరానికి మించి ఉన్న బలాన్నంతా ఈ పరికరం వేడిగా మార్చి వృథా చేస్తుంది, ఆ వృథాయే వేగాన్ని నిలకడగా ఉంచుతుంది. కెమెరా బయట ఎనిమిది, పదహారు, ఇరవైనాలుగు, అరవైనాలుగు అని అంకెలు వేసిన బిళ్ళను తిప్పినప్పుడు లోపల మారేది ఆ మెత్తని ముక్క ఎంత దూరాన ఉందన్నది మాత్రమే. దీన్నిబట్టి మంచి తయారీదారు పాటించిన సూత్రం ఒకటి బోధపడుతుంది: స్ప్రింగును అవసరానికంటే బాగా బలంగా చేసి, మిగులును గవర్నరుకు ఆహారంగా వెయ్యాలి. చవక కెమెరాల్లో ఆ మిగులు తక్కువ, అందుకే కీ అయిపోవస్తుండగా వాటి వేగం పడిపోతుంది. కొన్ని సంస్థలు స్ప్రింగు పూర్తిగా విప్పుకోకముందే, బలహీనమైన చివరి చుట్ల దాకా పోనివ్వకుండా, యంత్రం ఠక్కున ఆగిపోయే అడ్డుకట్టను పెట్టాయి. వాడేవారు దాన్ని లోపంగా భావించి విసుక్కునేవారేమో గాని, కెమెరా నిజాయితీకి అంతకంటే మంచి గుర్తు లేదు.

వేగం తప్పితే నష్టం రెండు విధాలు. ప్రొజెక్టరు ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది కాబట్టి నెమ్మదిగా తీసిన చిత్రంలో మనుషులు గబగబా నడుస్తారు, వేగంగా తీసినదానిలో తేలుతున్నట్టు కదులుతారు. అంతకంటే ముందు కనబడేది వెలుతురు తేడా: షట్టరు నెమ్మదిస్తే ఒక్కొక్క ఫ్రేము మీద వెలుతురు ఎక్కువసేపు పడి బొమ్మ పాలిపోతుంది. పాత ఇంటి చిత్రాల్లో ప్రతి షాటు ఆరంభంలోనూ తెల్లని మెరుపు ఒకటి కనిపించడానికి కారణం, యంత్రం నిలకడ వేగం అందుకునేలోపు గడిచిన ఒకటి రెండు ఫ్రేములే. చలి మరొక శత్రువు; ఇరుసులకు పూసిన నూనె చిక్కబడితే ఎంత బలమైన స్ప్రింగైనా తడబడుతుంది కనుక, ధ్రువ ప్రాంతాలకు, హిమశిఖరాలకు వెళ్ళే దళాలు కెమెరాల్లోని కందెనను కడిగివేయించుకొని వెళ్ళేవి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫ్రేముల వేగం ధ్వనికి జతపడేంత కచ్చితంగా ఉండేది కాదు. యంత్రపు రొద సరేసరి. టాకీలు వచ్చాక కూడా ఔత్సాహికుల సినిమా చాలాకాలం మూగగానే మిగిలిపోయింది.

ఈ పనితనానికి పుట్టినిల్లు అని చెప్పదగిన ఊరు స్విట్జర్లాండులో, జూరా పర్వతాల మీద, వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న సెంత్‌క్రువా. చలికాలం దీర్ఘంగా ఉండే ఆ కొండ ఊళ్ళలో కుటుంబాలు ఇళ్ళలో కూర్చొని గడియారపు భాగాలు చేసుకొని బతికేవి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ విద్య సంగీతపు పెట్టెల తయారీకి మళ్ళింది. సంగీతపు పెట్టె అంటే స్ప్రింగుతో తిరిగే గొట్టం మీద గుచ్చిన ముళ్ళు ఉక్కు దువ్వెన పళ్ళను మీటుతూ పాట వినిపించే పరికరం. అందులోనూ వేగం తప్పితే పాట చెడుతుంది. మొయీజ్ పయ్యార్ 1814లో నెలకొల్పిన పరిశ్రమ ఇలా సంగీతపు పెట్టెలతో ఎదిగి, ఆ వ్యాపారం సన్నగిల్లగానే గ్రామఫోన్లకు, తర్వాత ఎర్మెస్ టైపురైటర్లకు మారింది. అటు జెనీవాలో, కీవ్‌లో పుట్టి వైద్యం చదవడానికి స్విట్జర్లాండు చేరిన జాక్ బొగోపోల్స్కి అనే యువకుడు 1920లలో కెమెరాలు కల్పించి, తన పేరులోని అక్షరాలతో బొలెక్స్ అనే వ్యాపారనామాన్ని పెట్టుకున్నాడు. ఆయనకు ఊహ ఉంది గాని కర్మాగారం లేదు. పయ్యార్ సంస్థకు కర్మాగారమూ స్ప్రింగు విద్యా ఉన్నాయి గాని కొత్త సరుకు లేదు. 1930లో సంస్థ ఆ వ్యాపారాన్ని కొన్నది. అయితే బొగోపోల్స్కి కెమెరాతో తృప్తిపడక తన ఇంజనీర్ల చేత మొదటినుంచి కొత్తగా గీయించిన నమూనాను 1935లో హెచ్16 పేరుతో విడుదల చేసింది. బొగోపోల్స్కి 1939లో అమెరికా చేరి, బోల్సీ అన్న పేరుతో అక్కడ వేరే కెమెరాలు చేశాడు.

హెచ్16 సుమారు రెండున్నర కిలోల బరువుండేది. ముందుభాగంలో మూడు లెన్సులను మోసే తిరుగుడు పళ్ళెం, ఫిల్ము కొసను దానంతటదే దారిలోకి ఎక్కించుకునే ఏర్పాటు, ఒక్కొక్క ఫ్రేము చొప్పున తీసే మీట, ఎనిమిది నుంచి అరవైనాలుగు ఫ్రేముల దాకా వేగాలు ఉండేవి. స్ప్రింగుకు ఒకసారి పూర్తిగా కీ ఇస్తే సుమారు అయిదున్నర మీటర్ల ఫిల్ము, అంటే ఇరవైనాలుగు ఫ్రేముల వేగంలో దాదాపు అర నిమిషం నడిచేది. వీటన్నిటినీ మించిన సౌకర్యం ఏమిటంటే, స్ప్రింగును చక్రాల వరుస నుంచి విడదీసి, పక్కనున్న పిడితో ఫిల్మును వెనక్కి తిప్పగలగడం. వెనక్కి తిప్పి మళ్ళీ తీస్తే ఒక దృశ్యం మీద మరొకటి పడుతుంది. ఒకదాని చివరను చీకటిలోకి మసకబార్చి, అదే చోట రెండోదాన్ని చీకటిలోంచి తెరిస్తే, స్టూడియో ప్రయోగశాలలో చేసే మేళవింపు కెమెరాలోనే పూర్తవుతుంది. అమెరికాలో కోడాక్ 1933లో తెచ్చిన సినీ కోడాక్ స్పెషల్ కూడా ఇలాంటి సౌకర్యాలనే, మార్చుకోదగిన ఫిల్ము పెట్టెలతో సహా, ఇచ్చింది. కొందరు దాన్నే మిన్న అంటారు. కాని ఎక్కువకాలం బతికి, ఎక్కువమందికి పాఠం చెప్పింది బొలెక్సే. 1956లో లెన్సుకూ షట్టరుకూ నడుమ పట్టకం అమర్చిన రిఫ్లెక్స్ నమూనా వచ్చాక, లెన్సు చూసే దృశ్యాన్నే తీసేవారి కన్నూ చూడగలిగింది. బదులుగా వెలుతురులో కొంత భాగం కంటికి పంచి ఇవ్వవలసి వచ్చింది. ఆరౌ పట్టణంలోని కెర్న్ సంస్థ దానికోసం చేసిన స్విటార్ లెన్సులకు ఇప్పటికీ గిరాకీ ఉంది.

ఔత్సాహికులు ఒక సంఘంగా ఏర్పడిన కథకు మూలపురుషుడు ఒక రేడియో మనిషి. 1914లో అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను, అంటే హామ్ రేడియోవారి సంఘాన్ని, స్థాపించినవారిలో ముఖ్యుడైన హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1926లో న్యూయార్కులో అమెచ్యూర్ సినిమా లీగ్‌ను ప్రారంభించి, సభ్యులకోసం మాసపత్రిక నడిపించాడు. రెండు చోట్లా ఆయన నమ్మిక ఒకటే, ఖరీదైన యంత్రం ఇంటింటికీ చేరినప్పుడు దాన్ని వాడేవారు ఒకరికొకరు నేర్పుకోవాలని. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చింది. కోడాక్ 1932లో 8 మిల్లీమీటర్ల పద్ధతిని, ఇరవైతొమ్మిదిన్నర డాలర్ల కెమెరాతో, ప్రవేశపెట్టింది. పదహారు వెడల్పుగల ఇరవైఅయిదు అడుగుల ఫిల్మును ఒక సగం మీద ఒకసారి, చుట్ట తిరగేసి రెండో సగం మీద మరొకసారి తీసి, కడిగాక నిలువుగా చీల్చి అతికేవారు. చుట్ట మార్చేటప్పుడు ఎండ తగిలి ఫిల్ము చెడిన గుర్తు, నారింజరంగు మంటలా, ఆనాటి ఇంటి చిత్రాల్లో నడిమధ్యన తరచు కనబడుతుంది. లియొపోల్డ్ మానెస్, లియొపోల్డ్ గోడోస్కీ అనే ఇద్దరు సంగీతజ్ఞులు కనిపెట్టిన కోడాక్రోమ్ రంగుల ఫిల్ము 1935లో మొదట వచ్చింది కూడా 16 మిల్లీమీటర్ల ఔత్సాహికుల కెమెరాకే. షికాగో రెవియర్, బోస్టన్ కీస్టోన్, వియన్నా అయ్‌మిగ్, మ్యూనిక్ నీజో, చెకొస్లొవేకియా మెయోప్టా, జపాను కెనన్ మొదలైన సంస్థలన్నీ తర్వాతి పాతికేళ్ళలో ఈ మార్కెట్టును పంచుకున్నాయి. కోడాక్ 1951లో తెచ్చిన బ్రౌనీ మూవీ కెమెరా యాభై డాలర్లలోపే దొరికింది.

కీ తరుగుతుందన్న భయమే ఔత్సాహికులకు చిన్న షాట్లు తియ్యడం, కూర్పు చెయ్యడం నేర్పిందని విమర్శకులు తరచు రాస్తారు. ఈ వాదం వినడానికి బాగుంటుంది గాని లెక్కకు నిలవదు. నూరడుగుల 16 మిల్లీమీటర్ల చుట్టలో నాలుగు వేల ఫ్రేములు ఉంటాయి, పదహారు ఫ్రేముల వేగంలో అది నాలుగు నిమిషాల పది సెకన్లు. బొలెక్స్ స్ప్రింగు ఒక్కసారి విప్పుకుంటే అందులో దాదాపు ఆరో వంతు ఖర్చవుతుంది. మామూలు కుటుంబం అంత ఫిల్మును ఒక్క షాటుకు ధారపోసే సాహసం చెయ్యదు. ఇంటి చిత్రాల్లో షాట్లు ఎక్కువగా అయిదు నుంచి పది సెకన్లలోపే ఉంటాయి, అంటే స్ప్రింగు అలసిపోకముందే పర్సు మీద చెయ్యి పడేది. కళాకారుల విషయంలోనూ ఆ సూత్రం సరిపోదు. మాయా డెరెన్ తండ్రి మరణం తర్వాత తనకు వచ్చిన సొమ్ముతో పాత బొలెక్స్ కొని, భర్త అలెగ్జాండర్ హామిడ్‌తో కలిసి 1943లో తీసిన చిత్రం మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్నూన్‌కు కావలసింది స్ప్రింగు పరిమితి కాదు, దాని స్వేచ్ఛ: మెట్ల మీద దొర్లే దేహం వెంట కెమెరా కూడా చేతిలోనే తూలగలగడం. లిథుయేనియా నుంచి కాందిశీకుడిగా 1949లో న్యూయార్కు చేరిన యోనాస్ మెకాస్ అప్పు చేసి బొలెక్స్ కొన్నాడు. ఆయన డైరీ చిత్రాల్లోని దడదడ కొట్టుకునే లయ ఒక్కొక్క ఫ్రేము తీసే మీట నుంచి పుట్టింది. ఇక ఆండీ వార్హోల్ 1963లో నిద్రపోతున్న మనిషిని చిత్రించి, చిన్న ముక్కలనే మళ్ళీ మళ్ళీ అతికి అయిదు గంటలకు మించిన చిత్రం స్లీప్‌ను తయారు చేసినప్పుడు, స్ప్రింగు గడువును గౌరవించలేదు, దాన్ని వెక్కిరించాడు.

గవర్నరు ప్రాముఖ్యం లోకానికి తెలిసింది మాత్రం కళవల్ల కాదు. 1963 నవంబరు 22న డల్లాస్ నగరంలో అధ్యక్షుడు కెనెడీ హత్యను, దుస్తుల వ్యాపారి అబ్రహాం జప్రూడర్ తన బెల్ అండ్ హోవెల్ 8 మిల్లీమీటర్ల కెమెరాతో చిత్రించాడు. అది స్ప్రింగుతో నడిచేదే. ఘటనను చూపే భాగం 486 ఫ్రేములు, ఇరవైఆరున్నర సెకన్ల పైచిలుకు. తూటాల నడుమ ఎంత వ్యవధి ఉందో తేల్చడానికి విచారణకు దొరికిన గడియారం ఈ ఫిల్ము ఒక్కటే అయింది. ఎఫ్‌బీఐ ప్రయోగశాల ఆ కెమెరాకు కీ ఇచ్చి, గడియారం ముందు నడిపి, దాని సగటు వేగం క్షణానికి 18.3 ఫ్రేములని నిర్ణయించింది. అనుమానితుడి రైఫిలును ఒకసారి పేల్చి మళ్ళీ పేల్చడానికి కనీసం 2.3 సెకన్లు పడుతుందని పరీక్షల్లో తేలింది కాబట్టి, రెండు గుళ్ళ నడుమ 42 ఫ్రేములైనా ఉండాలని హత్యను విచారించిన వారెన్ కమిషన్ లెక్కగట్టింది. ఇంటి సరదాలకోసం చేసిన కెమెరాలోని చిన్న బరువులు ఎంత సమంగా తిరిగాయన్నది ఇలా దేశచరిత్రకు సంబంధించిన ప్రశ్నగా మారింది. ఆ ఫిల్ముకు పరిహారంగా అమెరికా ప్రభుత్వం 1999లో జప్రూడర్ వారసులకు కోటి అరవై లక్షల డాలర్లు చెల్లించింది.

భారతదేశంలో ఈ కెమెరాలు చాలాకాలం అధికారుల, తోటల యజమానుల, మిషనరీల, సంస్థానాధీశుల చేతుల్లోనే ఉన్నాయి. 1920ల నుంచి 1940ల దాకా ఇక్కడ నివసించిన బ్రిటిష్ కుటుంబాలు తీసిన ఇంటి చిత్రాలను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రం భద్రపరిచింది. పాలకుల దొరతనంతోపాటు వాటి వెనకభాగంలో సంతలు, రేవులు, పనివాళ్ళు అనుకోకుండా నమోదై, ఇప్పటి పరిశోధకులకు ముందుభాగం కంటే ఆ వెనకభాగమే విలువైనదయింది. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసి, చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను గురించి గ్రంథాలు రాసిన క్రిస్టఫ్ ఫన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కూడా 16 మిల్లీమీటర్ల ఫిల్మును తన పరిశోధనకు సాధనంగా చేసుకున్నవాడే. ఆయన తీసిన గంటలకొద్దీ చిత్రాలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో ఉన్నాయి. విద్యుత్తు లేని అడవి పల్లెల్లో పనిచేసే మానవశాస్త్రజ్ఞుడికి కీ ఇస్తే నడిచే కెమెరా ఎంత అనువైనదో వేరే చెప్పనక్కర లేదు.

1965లో కోడాక్ సూపర్ 8 పద్ధతిని తెచ్చి, ఫిల్మును ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అమ్మింది. దానికోసం తయారైన కెమెరాలు దాదాపు అన్నీ బ్యాటరీతో నడిచాయి, స్ప్రింగు చేసేవారికి పని తగ్గిపోయింది. పయ్యార్ 1970లో బొలెక్స్ వ్యాపారాన్ని అయ్‌మిగ్‌కు అప్పగించింది, 1980ల తొలి సంవత్సరాల్లో అయ్‌మిగ్ కూడా దివాలా తీసింది. సోవియట్ రష్యాలో మాత్రం మాస్కో దగ్గరి క్రాస్నగోర్స్క్ కర్మాగారం 1971లో మొదలుపెట్టిన క్రాస్నగోర్స్క్ 3 అనే రిఫ్లెక్స్ స్ప్రింగు కెమెరాను 1993 దాకా, లక్షకు పైగా, తయారు చేసి పడమటి దేశాల సినిమా విద్యార్థులకు చవకగా అందించింది. మోటగా ఉన్నా, పాడైతే మరమ్మతు చేసుకోదగిన యంత్రమది.

ఈ కెమెరాలు ఇప్పటికీ అంగళ్ళలో, అటకల మీద దొరుకుతూనే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా కదలని యంత్రంలో కందెన గట్టిపడి ఉంటుంది కాబట్టి నిండా కీ ఇచ్చి ఒక్కసారిగా అత్యధిక వేగంలో నడపకూడదు. వాడనప్పుడు స్ప్రింగును బిగించి ఉంచకుండా పూర్తిగా విప్పి దాచాలి. లోపల ఎసిటేట్ ఫిల్ము ఉండి మూత తీయగానే ఘాటైన పులుపు వాసన వస్తే ఆ పొర విచ్ఛిన్నమవుతోందని అర్థం, దాన్ని మిగతా ఫిల్ములకు దూరంగా ఉంచాలి. 16 మిల్లీమీటర్ల నూరడుగుల చుట్టలను కోడాక్ ఇప్పటికీ అమ్ముతోంది, 1930ల నాటి కెమెరాకూ రంధ్రాల లెక్క కుదిరితే అవి సరిపోతాయి. కెమెరాలో సగం తిరిగిన పాత కోడాక్రోమ్ చుట్ట దొరికితే మాత్రం, దాన్ని రంగుల్లో కడిగే చివరి ప్రయోగశాల, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న పట్టణంలోనిది, 2010 డిసెంబరు తర్వాత కొత్త చుట్టలు తీసుకోవడం మానేసింది కనుక, ఎంత నేర్పరి చేతికి ఇచ్చినా అందులోంచి నలుపుతెలుపు బొమ్మలే తీయగలరు.